రేకుల మీది పన్ను

మా అమ్మాయి ముందు పన్ను ఒకటి కొంతసేపు మా వంటింటి రేకుల మీద ఉండింది. ఇప్పుడు మళ్ళీ దాని నోట్లోనే ఉంది. ఈ రెండు మాటలనూ ఇంత నిమ్మళంగా పక్కపక్కన రాయగలుగుతానని ఆ ఎండాకాలం నేను కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తోంది కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మెదక్‌లో హవేలిఘనపూర్ పోయే దారిలో ఊరి చివరి కాలనీ మాది. ముందు రెండు గదులకు స్లాబు, వెనక వంటింటికి సిమెంటు రేకులు. మా ఆయనకు రైస్ మిల్లులో పని. నాకు చౌరస్తా దగ్గర చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, బడి తెరిచే ముందు యూనిఫారాలు కుడతాను. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు, ఒక్కగానొక్క కూతురు. అప్పుడు దానికి పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది.

మా పిల్లవి ఎత్తు పళ్ళు. ఇందులో దాచుకునేదేమీ లేదు, అవి మా పుట్టింటి ఆస్తి. మా నాన్నవి అవే, నావీ అవే. నా పెళ్ళిచూపులప్పుడు మా అమ్మ నన్ను నోరు తెరవొద్దని మరీ మరీ చెప్పింది. అది మర్యాద కోసం కాదు, పళ్ళ కోసం. నేనెలాగో ఆ పళ్ళతోనే నెట్టుకొచ్చాను గానీ, పిల్లకు మాత్రం క్లిప్పులు వేయించి తీరాలనుకున్నాను. పళ్ళ డాక్టరమ్మకు చూపిస్తే, పాలపళ్ళన్నీ పడిపోనివ్వండి, ఆఖరి దవడ పన్ను కూడా ఊడాక మొదలుపెడదాం అంది. ఆ ఆఖరిది ఆ వేసవి సెలవుల్లోనే ఊడింది. మా అత్తగారు దాన్ని తీసుకెళ్ళి వంటింటి రేకుల మీదికి విసిరింది.

ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరడం మా వైపు అందరూ చేసేదే. అలా చేస్తే కొత్త పన్ను తొందరగా, చక్కగా వస్తుందని నమ్మకం. మా అత్తగారికి ఈ విషయంలో పట్టింపు మరీ ఎక్కువ. మనవరాలి పళ్ళు ఎత్తుగా ఎందుకొచ్చాయో కూడా ఆమె కనిపెట్టింది. ఈ కాలనీలో పశువులు లేవు, పేడ దొరకదు, వట్టి పన్ను విసిరితే వచ్చేవి ఇలాగే వస్తాయి. మా పుట్టింటి పేరెత్తకుండా నేరాన్ని పేడ మీదికి తోసినందుకు నేను ఆమె మాటను ఏనాడూ కాదనలేదు.

యాసంగి కోతలైన రోజులవి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేర్చి ఉన్నాయి. మా పిల్ల సాయంత్రాలు సైకిలేసుకుని ఆ రోడ్డు మీదే తిరిగేది. ఆ రోజు ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకు తీసిందట. వడ్ల మీద చక్రం జారింది, మూతి పోయి రాయికి కొట్టుకుంది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. మా పిల్లకు వడ్లకు కాపలా పెట్టిన రాయి దొరికింది.

పన్ను విరగలేదు. వేరుతో సహా మొత్తంగా ఊడి వడ్లలో పడింది. పిల్ల ఏడుస్తూనే దాన్ని వెతుక్కుని, గుప్పిట్లో పెట్టుకుని, సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది. మూతినిండా రక్తం కారుతుంటే అంత తెలివి ఎలా వచ్చిందో అని ఇప్పటికీ దాన్ని చూసి మురిసిపోతాను.

మా అత్తగారు కూడా చేయాల్సినవన్నీ చక్కగా చేసింది. నోరు పుక్కిలింపించింది, మెత్తటి గుడ్డ మడిచి పెట్టి కరుచుకోమంది, నాకు ఫోన్ చేసింది. అవన్నీ అయ్యాక ఆమె చేతిలో పన్ను ఒకటి మిగిలింది. ఊడిన పన్నును ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పాలా? మొన్ననే ఒకటి ఊడింది, ఇది ఇంకొకటి, అంతే అనుకుంది.

నేను షాపు షట్టర్ సగం దించి పరుగెత్తుకొచ్చాను. పిల్ల పై పెదవి ఉబ్బి ముక్కును తాకుతోంది. గుడ్డ ఎర్రబడిపోయింది. ఆ రక్తం చూశాక పన్ను సంగతి నాకు గుర్తే రాలేదు. పిల్లను స్కూటీ మీద ఎక్కించుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

డాక్టరమ్మ నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. పిల్లను కుర్చీలో పడుకోబెట్టి, లైటు దగ్గరికి లాగి చూసి, పన్నేదీ అని అడిగింది. ఊడిపోయిందని చెప్పాను. ఊడిపోయిన సంగతి తనకూ కనిపిస్తోందనీ, ఊడింది ఎక్కడుందో చెప్పమనీ అంది. నేను పిల్ల వైపు చూశాను. పిల్ల నోట్లోంచి గుడ్డ తీసి, "నాయినమ్మ రేకుల మీదికి ఇసిరింది" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకంత భయం వేసేది కాదు. ఇది పాలపన్ను కాదు, దీని వెనక ఇంకోటి రాదు, ఉన్నది ఇదొక్కటే అంది. వేరుతో సహా ఊడిన పన్నును మళ్ళీ అదే గుంటలో కూచోబెట్టొచ్చట. కానీ వేరుకు అంటుకుని సన్నటి పొర ఉంటుంది, గాలికి ఎండిపోతే అది చచ్చిపోతుంది, గంట లోపలైతే ఆశ ఉంటుంది, ఆ తర్వాత చెప్పలేం అంది. ఊడి ఇప్పటికే ఎంతసేపైందో ఇద్దరం గోడ గడియారం వైపు చూశాం.

"జల్ది పోయి తీస్కరా అక్కా. నవ్వినప్పుడు కనవడే దిక్కే పట్టుకో, ఏరు ముట్టొద్దు, తుడవొద్దు. చల్లటి పాలల్ల ఏస్కొని రా. పాప నా దగ్గర ఉంటది."

నేను అక్కడి నుంచే మా అత్తగారికి ఫోన్ చేసి, పన్ను ఎక్కడ పడేశావని అడిగాను. ఎక్కడేస్తాను, రేకుల మీదే, మంచిగనే పడింది అంది. ఆ పైన గొంతు తగ్గించి, ఈసారి కూడా పేడ దొరకలేదనీ, వట్టిదే విసరాల్సి వచ్చిందనీ బాధపడింది. ఆ మాట పక్కనున్న డాక్టరమ్మకు కూడా వినిపించింది. పేడ పెట్టి ఉంటే నేను పోవడమే దండగ అయ్యేదని చెప్పింది. మా కాలనీలో ఒక్క ఆవైనా లేదని అన్నేళ్ళు అత్తగారు సణుగుతుంటే విన్నాను. లేనందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను.

దారి పొడుగునా మనసులో ఆమెను తిట్టని తిట్టు లేదు. నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. షాపులో గిరాకీలకు కూడా తెలుసు. పన్నెండేళ్ళ పిల్ల ముందు పన్ను తీసుకెళ్ళి ఇంటి మీద విసిరే మనిషిని ఏమనాలో, ఎలా అనాలో వరసగా కూర్చుకుంటూ వాకిట్లోకి వచ్చి బండి ఆపాను. ఆమె స్టీలు డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఫోన్ పెట్టేసే ముందు పాలు సిద్ధం చేయమని కూడా చెప్పాను, చేసింది. డబ్బాలో పాలు పచ్చగా ఉన్నాయి. గాయానికి మంచిదని చిటికెడు పసుపు కలిపింది. ఆమె ముఖం చూస్తే, కూర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి. ఆ పాలు పారబోసి డబ్బా కడిగి ఫ్రిజ్‌లోని పాకెట్ కోసి పోయమని మాత్రం చెప్పి మెట్లెక్కాను.

వంటింటి రేకులు స్లాబు కంటే కిందగా, వెనక్కి వాలుగా ఉంటాయి. స్లాబు అంచున బోర్లా పడుకుని చూశాను. వాటి మీద తెల్లగా లేనిదంటూ ఏదీ కనిపించలేదు. సున్నం పెచ్చులు, పిట్టల రెట్టలు, రాలిన మునగపూలు, ఎవరి పిల్లలవో షటిల్ కాక్ ఈకలు. పడిన సూదిని చప్పుడును బట్టి వెతికి తీసుకునే మనిషిని నేను, ఆ రోజు కళ్ళు పనిచేయలేదు. కింద నుంచి మా అత్తగారు చెయ్యెత్తి ఈ మూలకు, ఆ మూలకు అని చూపిస్తోంది. విసిరేటప్పుడు ఆమె ఎటూ చూడలేదు. మొక్కుకుంటూ కళ్ళు మూసుకుందట.

ఇక లాభం లేదని చీర బొడ్లో దోపుకుని రేకుల మీదికి దిగాను. "నట్లున్న కాడనే అడుగేయి బిడ్డా, నడుమ తొక్కితే పలుగుతది" అని ఆమె కింద నుంచి చెబుతూనే ఉంది. నట్ల కింద ఇనుప పైపు ఉంటుంది. ఆ వరస పట్టుకుని పిల్లిలా నడిచాను. గోడ పక్కన గాడిలో తెల్లగా ఒకటి మెరిసింది. వంగి తీసుకుని చూస్తే పొట్టిగా, బల్లపరుపుగా, వేరన్నదే లేకుండా ఉంది. అది మొన్న ఊడిన దవడ పాలపన్ను. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఆ రోజు ఏడుపొచ్చింది. ఎందుకైనా మంచిదని దాన్ని మాత్రం తీసిన చోటే మళ్ళీ పెట్టేశాను. కనీసం ఆ దవడ పన్నైనా చక్కగా రానీ అనుకున్నాను.

అసలుది రేకు చివర దొరికింది. జారి జారి పోయి, ఎండిన మునగాకు కాడ అడ్డం పడితే దానికి ఆనుకుని ఆగింది. ఇంకో జానెడు జారితే కింద మురికి మోరీలో పడేది. ముందు పన్ను అంత పొడుగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మనకు పైకి కనిపించేది సగం కూడా కాదు. డాక్టరమ్మ చెప్పినట్టే కనిపించే వైపు రెండు వేళ్ళతో పట్టుకుని, కిందికి దిగి, డబ్బాలో పాలలో వేశాను.

మా అత్తగారికి స్కూటీ అంటే చచ్చేంత భయం. పెళ్ళిళ్ళకైనా, దవాఖానకైనా ఆటోలోనే వస్తుంది. ఆ రోజు నేను పిలవకుండానే వెనక ఎక్కి కూచుంది. మూత పెట్టిన డబ్బాను రెండు చేతులా పొట్టకు అదుముకుంది, నన్ను ఒక చేత్తోనైనా పట్టుకోలేదు. రోడ్డు మీద గుంతలకు ఆమె ఎక్కడ పడిపోతుందో అని నేను, పాలు ఎక్కడ ఒలికిపోతాయో అని ఆమె.

డాక్టరమ్మ మూత తీసి చూసి ఇదే అంది. ఉప్పునీళ్ళలాంటి మందుతో దాన్ని కడిగింది, చిగురుకు మత్తు ఇంజక్షన్ ఇచ్చింది, రక్తపు గడ్డను శుభ్రం చేసి పన్నును మెల్లగా గుంటలోకి నొక్కింది. పిల్ల నా వేళ్ళను విరిచేసేంత గట్టిగా పట్టుకుంది. తర్వాత పక్క పళ్ళన్నిటినీ కలుపుతూ సన్నటి తీగ అతికించింది. నాకు అది చూస్తే కచ్చాకుట్టు వేసినట్టు అనిపించింది. అసలు కుట్టు పడేదాకా గుడ్డ కదలకుండా వేస్తామే, అలా. నేనైతే దాన్ని మళ్ళీ ఆ చోట్లో చూడగానే, పక్కనున్న నర్సు ఏమనుకుంటుందో కూడా చూసుకోకుండా భోరుమన్నాను.

డాక్టరమ్మ మాత్రం తొందరపడొద్దంది. "పన్ను కూసున్నది గని, నిలవడతదా లేదా ఇప్పుడే చెప్పలేనక్కా. ఏడాది సూడాలె."

బయటికి వస్తే మా ఆయన ఒంటినిండా తవుడుతో బెంచీ మీద ఉన్నాడు. మిల్లు మోతలో ఫోన్ వినిపించక అప్పుడే వచ్చాడు. ఆయన పక్కన మా అత్తగారు ఖాళీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పెట్టేశారా అని నన్ను అడిగింది. పెట్టేశారన్నాను. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని లేపాను, ఇంటికి పోదాం పద అన్నాను. అంత కోపం అంత తొందరగా ఎలా దిగిపోయిందో నాకే ఆశ్చర్యం.

దినదినగండం నూరేళ్ళ ఆయుష్షన్నట్టు ఆ తర్వాత ఏడాది గడిచింది. రెండు వారాలకు తీగ తీసేశారు. పన్ను లోపలి నరం మళ్ళీ బతకదని రూట్ కెనాల్ చేశారు. అసలు భయాలు రెండున్నాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒకటి, వేరు లోపల్లోపలే కరిగిపోవడం. రెండోది, పన్ను పోయి ఎముకకు అతుక్కుపోవడం. అతుక్కుపోతే క్లిప్పులు వేసినా అది కదలదు. మిగతా పళ్ళన్నీ వెనక్కి సర్దుకుంటే ఇదొక్కటే ముందుకు పొడుచుకుని ఉండిపోతుంది, కొన్నాళ్ళకు తీసేయాల్సి కూడా రావచ్చు. ఆ సంగతి కనిపెట్టడానికి ఆమె చిన్న అద్దం పిడితో పళ్ళ మీద తట్టి చూసేది. మామూలు పన్ను మెత్తగా పలుకుతుంది, అతుక్కున్నది టంగుమంటుంది. దవాఖానకు పోయిన ప్రతిసారీ ఆమె పిడి ఎత్తగానే నేను కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని.

ఇంట్లో మా పిల్ల నవ్వడం తగ్గించింది. నవ్వాల్సి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎవరైనా వెక్కిరిస్తారని కాదు. ఎత్తు పళ్ళ వెక్కిరింపులకు అది ఎప్పుడో అలవాటు పడింది, ఎదురు వెక్కిరించగలదు కూడా. ఒకరోజు జడ వేయించుకుంటూ, "మమ్మీ, గట్టిగ నవ్వితే ఊడుతదా?" అని అడిగింది. ఊడదని చెప్పాను. నా మాట నమ్మలేదు. నాకూ నమ్మకం లేదని దానికి తెలుసు. రోజూ పొద్దున్నే దాని పెదవి పైకెత్తి చూసేదాన్ని కదా.

మా అత్తగారు ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంది. అంతటితో ఊరుకోకుండా, ఆ పన్నుకు పని చెప్పకుండా చూసే బాధ్యత మొత్తం తన నెత్తిన వేసుకుంది. రొట్టె తుంచి పప్పులో నానబెట్టి ఇచ్చేది. జామకాయను సన్నటి ముక్కలు కోసేది. వానాకాలంలో మొక్కజొన్న కంకులు వస్తే, గింజ గింజ బొటనవేలితో వలిచి గిన్నెలో పోసి పిల్ల ముందు పెట్టేది. తను ఒక్క గింజ ముట్టేది కాదు. తినమంటే తన పళ్ళకు చేతకాదనేది. ఉన్న నాలుగు పళ్ళతో అటుకులు పటపటా నమిలే మనిషి ఆమె. చేతకాక కాదని నాకు తెలుసు, అడిగి ఆమెను ఇబ్బంది పెట్టలేదు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఏడాది దాటింది కాబట్టి ఈసారి తేలిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ముగ్గురం స్కూటీ మీదే పోయాం. మా అత్తగారికి బండి భయం ఏనాడో పోయింది. డాక్టరమ్మ పిల్లను పడుకోబెట్టి అద్దం పిడి తీసుకుంది. నేను అలవాటు కొద్దీ కళ్ళు మూసుకోబోతే, వద్దు, దగ్గరికొచ్చి విను అంది. పక్క పన్ను మీద తట్టింది. మెత్తగా పలికింది. మా పన్ను మీద తట్టింది. అదీ అలాగే పలికింది. నాకు నమ్మకం కుదరక ఇంకోసారి తట్టమన్నాను, తట్టింది. అప్పుడే తీసిన ఎక్స్‌రే కంప్యూటర్ తెర మీదికి తెచ్చి, వేరు చుట్టూ ఉన్న సన్నటి నల్లగీత మీద వేలు పెట్టింది.

"గీ గీత ఉన్నదంటే అతుక్కోలేదన్నట్టు. ఏరు గూడ కరగలే. మంచిగున్నదక్కా, ఇగ క్లిప్పులు ఏసుకోవచ్చు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడాది పొడుగునా గుండెల మీద కుంపటిలా మోసింది ఒక్క మాటతో దిగిపోతే, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. మా అత్తగారికి గీతా తెలియదు, చప్పుడూ తెలియదు. నా ముఖం చూసి విషయం గ్రహించి, చేతులు జోడించి డాక్టరమ్మకు దండం పెట్టింది. డాక్టరమ్మ తన చేతులు అడ్డం పెట్టి ఆపేసింది. తర్వాత పిల్లతో, వచ్చే వారం క్లిప్పులు పడ్డాయంటే గట్టివి కొరకడం పూర్తిగా బందనీ, ఏదైనా కొరకాలని ఉంటే ఈ వారంలోనే కొరుక్కోమనీ చెప్పింది.

చౌరస్తాలో బొగ్గుల మీద కంకులు కాలుస్తున్న బండి దగ్గర ఆపమన్నది పిల్లే. మా అత్తగారు నన్ను అడగకుండా తనే ఒక కంకి కాల్పించి, నిమ్మకాయ, ఉప్పు కారం రాయించింది. అది చేతిలోకి రాగానే, ఏడాది అలవాటు ఎక్కడికి పోతుంది, బొటనవేలితో గింజలు వలవడం మొదలుపెట్టింది.

"ఇటియ్యి నాయినమ్మా. నేనే కొరుకుత."

ఆమె వెంటనే ఇవ్వలేదు, నా వైపు చూసింది. ఇవ్వమని తలూపాను. పిల్ల కంకిని రెండు చేతులా పట్టుకుని ముందు పళ్ళతో కొరికింది. గింజలు తెగిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. పులుపుకు కళ్ళు చిట్లించి, నోట్లో గింజలుండగానే నోరంతా తెరిచి నవ్వింది. చెయ్యి అడ్డం రాలేదు. మా అత్తగారు అరచేతిలో వలిచి పెట్టుకున్న నాలుగు గింజల వైపు ఒకసారి చూసుకుని, వాటిని తన నోట్లో వేసుకుంది.